సీజన్ పనులతో దేశం తిరగాలంటే

ఉద్యోగం మానేసి ఒక్కసారిగా బయల్దేరకండి. ముందు ఇక్కడే చూసుకోండి. హైదరాబాద్ నాంపల్లిలో జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ (ఎగ్జిబిషన్) స్టాళ్లకు మనుషులు కావాలి. డిసెంబరు చివర్లో గ్రౌండ్‌కి వెళ్లి నేరుగా అడగండి. రాత్రిదాకా నిలబడి అమ్మగలరో లేదో వారంలో తెలిసిపోతుంది.

తర్వాత బయటి ఊళ్లు: గోవాలో పర్యాటకులు దిగే హాస్టళ్లలో పనికి నవంబరు నుంచి మార్చి, హిమాచల్ ఆపిల్ తోటల్లో కోతకు ఆగస్టు, సెప్టెంబరు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. ఆపిల్‌ని లాగకూడదు: పైకెత్తి మెల్లగా తిప్పాలి. తొడిమ ఊడితే కాయ నిల్వ ఉండదు, ధర పడిపోతుంది, మేస్త్రీ కోప్పడతాడు.

ఎక్కువమంది దెబ్బతినేది 'పనికి బదులు మంచం, భోజనం ఇస్తాం' అన్నచోటే. రోజుకెన్ని గంటలు, సెలవెప్పుడు అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. తిరుగు ఖర్చులు వేరే ఖాతాలో ఉంచండి.

రోజూ రాత్రి రెండు ముక్కలు రాయండి: ఏ పనిలో టైమే తెలియలేదు, ఏది ఎప్పుడైపోతుందా అనిపించింది.