మారిషస్ బడ్జెట్ చదవడం ఎలా: డెల్టా విద్యార్థులకు

మారిషస్‌తో గోదావరి డెల్టాకు పాత చుట్టరికం ఉంది. కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. ఆ దేశం జనాభా సుమారు 12.5 లక్షలు, మన కోనసీమ జిల్లా కంటే తక్కువ. పన్నుల సంస్కరణ గురించి నేర్చుకోవడానికి ఈ చిన్న దేశం పద్దు బాగా పనికొస్తుంది.

ముందు ఏళ్లు సరిచూసుకోండి. అక్కడి ఆర్థిక సంవత్సరం జులైలో మొదలై జూన్‌తో ముగుస్తుంది. అయితే 2010 నుంచి 2014 వరకు జనవరి–డిసెంబరు లెక్క నడిచింది. అందుకే 2009 రెండో అర్ధభాగానికీ, 2015 మొదటి అర్ధభాగానికీ ఆరునెలల పద్దులు ఉన్నాయి. వాటిని పూర్తి ఏడాది పక్కన పెడితే రాబడి సగానికి కూలినట్టు, వెంటనే రెట్టింపైనట్టు కనిపిస్తుంది. బిలియన్ అంటే 100 కోట్లు. ఇక్కడ తడబడితే లెక్క పదింతలు మారిపోతుంది. మారిషస్ రూపాయిని మన రూపాయిలోకి మార్చే పని పెట్టుకోకండి. ప్రతి అంకెనూ ఆ ఏడాది జీడీపీతో (దేశ స్థూల ఉత్పత్తితో) భాగించి శాతంగా రాసుకుంటే చాలు.

ప్రతి పద్దుకూ మూడు గడులు గీయండి: అంచనా, సవరించిన అంచనా, వాస్తవం. పోలిస్తే వాస్తవాన్ని వాస్తవంతోనే పోల్చాలి. బడ్జెట్ ప్రసంగంలో వినిపించేవి చాలావరకు అంచనాలే.

తర్వాత, ఏటా వచ్చే రాబడిని ఒక్కసారి వచ్చేదాని నుంచి విడదీయండి. 2020లో కోవిడ్ వేళ అక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ మారిషస్, ప్రభుత్వానికి 6,000 కోట్ల మారిషస్ రూపాయల సాయం ప్రకటించింది. అది పన్ను కాదు, మళ్లీ వస్తుందన్న హామీ లేదు. సైనిక స్థావరం ఉన్న డియెగో గార్సియా దీవిపై బ్రిటన్‌తో 2025 మే 22న సంతకమైన ఒప్పందం కింద రావాల్సిన డబ్బును కూడా చేతికందాకే వాస్తవం గడిలో వేయండి.

అసలు విషయమంతా వ్యాట్‌లో (విలువ ఆధారిత పన్నులో) ఉంది. పాత అమ్మకం పన్ను స్థానంలో 1998 సెప్టెంబరులో 10 శాతంతో వచ్చింది; 2002 నుంచి 15 శాతం. ఆర్థిక సంవత్సరం మధ్యలో మొదలైంది గనుక మొదటి ఏడాది వసూలు పన్నెండు నెలలది కాదు. సంస్కరణ ఏదైనా, అమలు తేదీని అంకె పక్కనే రాసుకోవాలి. ఇక బిల్లు లెక్క: పన్నుతో కలిపి ధర 115 అయితే అందులో పన్ను 15. 115కు 15 శాతం కట్టి 17.25 అనడం తరచుగా కనిపించే తప్పు.

మినహాయింపు వేరు, సున్నా రేటు వేరు. మన జీఎస్టీలోనే చూడండి: భీమవరం రొయ్యల ఎగుమతిదారుకు అమ్మకంపై సున్నా రేటు ఉంటుంది, ప్యాకింగ్ మీద కట్టిన జీఎస్టీ వాపసు వస్తుంది. విడి బియ్యం అమ్మే మిల్లుకు మినహాయింపు మాత్రమే. యంత్రాల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, మెల్లగా బియ్యం ధరలో కలుస్తుంది. మారిషస్ వ్యాట్ చట్టంలో మినహాయింపులు మొదటి షెడ్యూల్లో, సున్నా రేటు సరుకులు ఐదో షెడ్యూల్లో ఉంటాయి. ఒక సరుకు వీటిలో ఒకదాని నుంచి రెండోదానికి మారితే రేటు మారకుండానే ఖజానా లెక్క మారుతుంది. పత్రికల శీర్షికల్లో ఇది కనిపించదు కాబట్టి షెడ్యూళ్లే తెరిచి చూడాలి.

ఆదాయపు పన్నుది చిన్న కథ. మారిషస్ ఎగుమతులకు అండగా ఉన్న జౌళి కోటాలు 2004 చివర్లో పోయాయి, యూరప్ ఇచ్చే చక్కెర ధర 36 శాతం తెగింది. పెట్టుబడులను రప్పించడానికి 2006 సంస్కరణలో వ్యక్తులకూ కంపెనీలకూ 15 శాతం రేటు తెచ్చారు. 2023 జులై నుంచి వ్యక్తులకు మళ్లీ శ్లాబులు, గరిష్ఠం 20 శాతం.

చివరిగా లోటు. రాబడి 200, ఖర్చు 240, అందులో వడ్డీ 30 అనుకోండి. లోటు 40; వడ్డీ తీసేస్తే మిగిలే ప్రాథమిక లోటు 10. పాత అప్పుల భారం ఎంత, ఇప్పటి నిర్ణయాల వల్ల వచ్చింది ఎంత అన్నది రెండో అంకె చెబుతుంది. 2025 నాటికి అప్పు జీడీపీలో 90 శాతం దగ్గరకు చేరింది. ఆ ఏడాది బడ్జెట్‌లో సార్వత్రిక పింఛను వయసును 60 నుంచి మెట్లమెట్లుగా 65కు పెంచే నిర్ణయం చేశారు. మెట్లు గనుక దాని ఆదా మొత్తాన్ని మొదటి ఏడాదికే కట్టేయకండి. ఏ ఏడాది ఎంత వయసువారు పింఛను కోసం ఆగాల్సి వస్తుందో విడివిడిగా లెక్కించండి.