జమ్ము కోసినా మళ్ళీ మొలుస్తోందా? ముందు కొయ్యకాళ్ళను చూడండి

చెరువులోనో పంటకాలువలోనో జమ్ము కోయించి, కూలి డబ్బులు చెల్లించి, రెండు నెలలు తిరగకుండానే అదే చోట మరింత దట్టంగా మొలిచిందని వాపోయేవారిని నేను ఏటా చూస్తున్నాను. కోసిన కొయ్యకాలు కొస నీటిపైన ఉందా, నీటి అడుగున ఉందా అని అడిగితే వారిలో దాదాపు ఎవరూ జవాబు చెప్పలేరు. గట్టు మీద నిలబడి చూస్తే తెలిసే సంగతి అది.

అంతకంటే ముందు, మొలిచిన వాటిలో ఒకదానిని మొదలంటా పీకి చూడాలి. వేలెడు లావున, బురదలో అడ్డంగా పాకే తెల్లని అడ్డుదుంప దానితోపాటు వస్తే అది పాత మొక్క వేసిన పిలక. దారాల వంటి వేళ్ళతో సులువుగా ఊడివస్తే గింజ నుంచి వచ్చిన మొలక. రెండింటికీ మందు వేరు.

సమస్య: కోసిన చోటే పిలకలు వస్తున్నాయి

కారణం తొంభై పాళ్ళు కొయ్యకాళ్ళే. జమ్ము దుంప పాతుకున్న బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. ఆ దుంపకు గాలి పైనుంచి, ఆకుల గుండా దిగాలి. ఒక కాడను అడ్డంగా కోసి చూస్తే తేనెపట్టును తలపించే గదులు కనిపిస్తాయి. గాలి నడిచే దారి అదే. ఆకు పచ్చగా ఉండనక్కరలేదు. నిరుడు ఎండిపోయిన కాడైనా, కోసి వదిలిన కొయ్యకాలైనా, కొస నీటిపైన ఉన్నంతకాలం దుంపకు ముక్కుగానే పనిచేస్తుంది. గాలి అందిన దుంప తనలో దాచుకున్న పిండిని పొదుపుగా ఖర్చుపెట్టి కొత్త పిలకలను పైకి పంపుతుంది. గాలి అందకపోతే ఆ పిండి వృథాగా పులిసి తరిగిపోతుంది, చివరకు దుంప కుళ్ళిపోతుంది.

ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒక చెరువులో తూము ముందరి జమ్మును ఏప్రిల్‌లో, నీరు అడుగంటినప్పుడు, దగ్గరుండి కోయించాను. ఎక్కువ వంగే పని లేకుండా కూలీలు మోకాలికి కాస్త దిగువన కోశారు. చూడటానికి పని శుభ్రంగానే ఉంది. తొలకరికి నీరు జానెడు చేరింది, కొయ్యకాళ్ళు బెత్తెడు పైకి తేలి నిలిచాయి, ఆ ఏడు అంతకుమించి నీరు రాలేదు. దసరా నాటికి తూము మళ్ళీ కనబడకుండా పోయింది.

పరిష్కారం: నీరు నిలిచి ఉండగా, నీటి మట్టానికి కనీసం జానెడు దిగువన కోయాలి. ఎండాకాలంలోనే కోయక తప్పకపోతే నేలమట్టంగా కోసి, తరువాత చేరే నీరు కొయ్యకాళ్ళను పూర్తిగా ముంచుతుందని నమ్మకం ఉన్న చోటే ఆ పని పెట్టుకోవాలి. ఎండుకాడలను కూడా వదలకుండా తీసివేయాలి. చచ్చినవి కదా అని వదిలిపెట్టినవే కొంప ముంచుతాయి. కంకి ఇంకా ఆకుపచ్చగా పైకి తేలుతున్న రోజులు కోతకు మంచి అదను, ఎందుకంటే దుంపలోని పిండి అప్పటికి బాగా తగ్గి ఉంటుంది. మునిగిన చోట నుంచి కూడా కొన్ని పిలకలు ఎలాగోలా నీటిపైకి వస్తాయి కనుక, నెల రోజుల తరువాత రెండో కోత తప్పదు. ఆ తరువాత ఒక దుంపను తవ్వి విరిచి చూడాలి. తెల్లగా, గట్టిగా, వేళ్ళకు పిండి అంటుతూ ఉంటే పని ఇంకా మిగిలి ఉంది. గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, కంపు కొడుతుంటే తీరినట్టే.

సమస్య: పిలకలు అంచు నుంచి వరుసగా లోపలికి వస్తున్నాయి

పైకి వేల మొక్కలుగా కనిపించే జమ్ము బురద కింద కొద్దిపాటి మొక్కల దుంపల అల్లికే కావచ్చు. కోయకుండా వదిలిన అంచు, కోసిన భాగానికి దుంపల గుండా తిండి, గాలి అందిస్తుంది. మొత్తం కోయలేనప్పుడు రెండు భాగాల మధ్య దుంపలు తెగేలా కందకం తవ్వాలి. జేసీబీతో తవ్విస్తే తెగిన ముక్కలను గట్టుపైకి, నీటికి దూరంగా చేర్చాలి. తడి బురదలో పడిన ముక్క మళ్ళీ వేరు పోసుకుంటుంది.

సమస్య: బురదంతా సన్నని మొలకలు

ఇది గింజల పని. ఒక్క కంకిలో లక్షకు పైగా గింజలుంటాయి, దూదితో గాలికి ఎగిరి వస్తాయి, ఎండ తగిలే తడి బురదలో మొలుస్తాయి. అడ్డుదుంప ఊరకముందే పీకివేయాలి, వీలైతే లోతుగా నీరు నిలపాలి.

మిగిలినవి

నిప్పు పెడితే ఆకులు కాలుతాయి, బురద కింది దుంపకు ఏమీ కాదు. గడ్డిచేప లేత పిలకలను కొరుకుతుంది గాని ముదురు జమ్మును అది అణచలేదు. గ్లైఫోసేట్ అనే కలుపుమందు సంగతి అడిగేవారికి ఒక్కటే మాట: 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని తెగుళ్ళ నివారణ లైసెన్సు ఉన్న నిర్వాహకులకే పరిమితం చేసింది; పైగా చేపలున్న, పశువులు తాగే చెరువులో మందు కొట్టే ముందు కొడవలిని నీటి అడుగున ఒకసారి ఆడించి చూడండి.