గేటు ముందు వదిలేసిన ట్రాలీలు, వాటిలో చెత్త: మాకు పనిచేసిన పద్ధతి

సిడ్నీ వెస్ట్‌మీడ్ వైపు యూనిట్లలో (ఫ్లాట్లలో) ఉండేవాళ్లు, గేటు దగ్గర వదిలేసిన ట్రాలీలను ఎలా వదిలించుకోవాలని తరచూ అడుగుతున్నారని రాస్తున్నాను. మా గేటు పక్కన ఎవరో సూపర్‌మార్కెట్ ట్రాలీ వదిలేసేవారు, తెల్లారేసరికి అది చెత్తబుట్ట అయిపోయేది. లిఫ్టులో నోటీసు, స్ట్రాటా మేనేజర్‌కు (బిల్డింగ్ నిర్వహణ చూసేవారికి) మెయిళ్లు, మేమే తోసుకెళ్లి దింపిరావడం, ఏదీ నిలవలేదు.

ముందు ట్రాలీలోని చెత్త తీసేశాను. ఉంచితే ఇంకొకరు వేస్తారు. ఖాళీ సీసాలు, డబ్బాలు విడిగా సంచిలో పెట్టాను. ఖాళీవి తిరిగిస్తే డబ్బులిచ్చే రిటర్న్ అండ్ ఎర్న్ పథకంలో ఒక్కోదానికి 10 సెంట్లు కదా, పక్కింటి పిల్లలు ఎగబడి పట్టుకెళ్తారు.

తర్వాత హ్యాండిల్ మీద ఏ షాపుదో చూసి ఫోటో తీశాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది: అన్నిటికీ కలిపి ఒక ఫిర్యాదు కాకుండా, ఏ షాపు ట్రాలీకి ఆ షాపుకే విడిగా పెట్టాను. అడ్రసుతో పాటు ‘గేటుకు ఎడమవైపు, బిన్ల పక్కన’ అని కూడా రాశాను. ఉత్త అడ్రసు ఇచ్చినప్పుడు ట్రాలీలు తీసుకెళ్లే బండి వచ్చి, కనపడక తిరిగి వెళ్లిపోయేది.

అప్పటికీ కదలనివాటిని, ఫుట్‌పాత్‌కు అడ్డంగా ఉన్నవాటిని స్నాప్ సెండ్ సాల్వ్ యాప్‌లో కౌన్సిల్‌కు పంపాను. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 2021 చట్టం ప్రకారం వాటిని తీసుకెళ్లే బాధ్యత షాపుదే.

ఇప్పుడు చెత్త పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. మా దగ్గర ట్రాలీలు రోడ్డు వైపు ఉండేవి. బేస్‌మెంట్‌లో వదిలేస్తే ఎంతవరకు పనిచేస్తుందో చెప్పలేను. మెల్‌బోర్న్ వేరే రాష్ట్రం కాబట్టి అక్కడివాళ్లు మాత్రం మీ కౌన్సిల్ రూల్స్ చూసుకోండి.