దువా మానకుండా డాక్టరు దగ్గరికి

అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాల్లో ఎవరికైనా మనసు చెదిరితే ఇంట్లో ముందుగా మూడు మాటలు వినిపిస్తాయి: గాలి సోకింది, దిష్టి తగిలింది, నమాజు వదిలేశాడు గనుక ఇట్లయింది. నాలుగో మాటగా ఎవరైనా డాక్టరు పేరెత్తితే, మావాడేమైనా పిచ్చివాడా అని ఎదురుప్రశ్న వస్తుంది. మొదటి మూడు మాటలతో తగువు పెట్టుకోకుండా ఆ నాలుగో మాటను ఇంట్లో ఒప్పించుకోవడం ఎలాగన్నదే ఇక్కడి విషయం.

గాలి అంటే జిన్నులు (కంటికి కనబడని జీవులు) అనుకుంటారు గదా, అవి ఉన్నాయా లేవా అన్న వాదనకు దిగవద్దు. ఖురాన్‌లో వాటి ప్రస్తావన ఉంది కాబట్టి విశ్వాసి కాదనడు, ఆ వాదనలో గెలిచినా రోగికి ఒరిగేదేమీ లేదు. నెలరోజులుగా నిద్రపోని ఈ పిల్లవాడికి ఈ వారంలో ఏం చేయగలం అన్నదే ఇంట్లోవాళ్ల ముందు పెట్టవలసిన ప్రశ్న. "నాయనా, హజ్రత్‌తో (మతగురువుతో) దువా (ప్రార్థన) చేయిద్దాం, ఈ వారంలోనే డాక్టరుకూ చూపిద్దాం" అంటే కాదనే పెద్దలు తక్కువ. వైద్యం చేయించుకోవచ్చా అని ఎడారివాసులు అడిగినప్పుడు చేయించుకోండనీ, మందు లేని రోగాన్ని అల్లాహ్ దింపలేదనీ ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన హదీసు పెద్దలకు తెలిసిందే, గుర్తు చేస్తే చాలు. ఇమాన్ (విశ్వాసం) తక్కువైనందుకే ఈ దిగులు అనేవారికి ప్రవక్త యాఖూబ్ (అ) కథ చెప్పవచ్చు. కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు తెల్లబడ్డాయని ఖురానే చెబుతోంది, ఆయన ఇమాన్‌ను ఎవరూ శంకించలేదు. తొమ్మిదో శతాబ్దంలో పుట్టిన అబూ జైద్ అల్-బల్ఖీ అనే ముస్లిం పండితుడు, కారణం తెలిసిన దుఃఖాన్నీ కారణం తెలియని దుఃఖాన్నీ వేరుచేసి, రెండోదానికి మూలం శరీరంలో ఉంటుందని ఆనాడే రాశాడు.

కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకో, పెనుకొండ బాబయ్య దర్గాకో తీసుకువెళ్దామని ఒకరూ, దర్గాలకు వెళ్లడమే తప్పని మరొకరూ అంటారు. ఆ తర్కాన్ని రోగి వినేలా సాగించవద్దు. దువా ఎవరు చేసినా మంచిదే గాని, మాత్రలు ఆపమనేవారినీ, వేలకు వేలు అడిగేవారినీ, కొట్టి, మిరపకాయల పొగ పెట్టి, సంకెళ్లు వేసి నయం చేస్తామనేవారినీ దగ్గరికి రానివ్వకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో, మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టి ఉంచడం వల్ల వాళ్లు పారిపోలేకపోయారు. రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తరువాతి కాలంలో అదే ఏర్వాడిలో ప్రార్థనతో పాటు మందులూ ఇచ్చే 'దవా, దువా' పద్ధతి మొదలైంది. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో అది అంతకుముందే నడుస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, పనికి వెళ్లడం ఎప్పుడు మానేశాడు, ఏ మాటలు పదేపదే అంటున్నాడు అన్నవి తేదీలతో కాగితం మీద రాసుకోండి. దిగులు, ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే ఇక వేచి చూడవద్దు. బెంగళూరు హోసూరు రోడ్డులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కు ఎవరి సిఫారసు చీటీ లేకుండానే ఉదయాన్నే వెళ్లి పేరు నమోదు చేయించుకోవచ్చు. రాయలసీమ నుంచి రోజూ అక్కడికి రోగులు వస్తుంటారు, తెలుగు వినిపించడం అక్కడ కొత్త కాదు. అంతదూరం వెళ్లడానికి మనసొప్పకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

కౌన్సెలర్ ముస్లిమే కానక్కరలేదు, అడిగి తెలుసుకునే ఓపిక ఉంటే చాలు. నమాజు నాకు ముఖ్యం, నా ఇంటివాళ్ల నమ్మకాలనూ లెక్కలోకి తీసుకోండి అని మొదటి రోజే చెప్పాలి. దానికి నవ్వేవారైతే మరొకరిని వెతుక్కోవాలి. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలకు ఇంటి భాష తెలుగు. ఇక్కడి మసీదుల్లో ప్రసంగం ఎక్కువగా ఉర్దూలో సాగుతుంది, ఉర్దూ రాని ముస్లిమేమిటని తోటివాళ్లే ఎగతాళి చేస్తారు. మీరు తెలుగు ఇంత బాగా మాట్లాడతారే అని తెలుగువాళ్లు ఆశ్చర్యపోతారు. అద్దె ఇల్లు ఫోన్లో ఖాయమై, పేరు చెప్పగానే ఎవరికో ఇచ్చేశామంటారు. ఏళ్లతరబడి ఇలా రెండువైపులా పరాయివాడిగా బతకడం మనిషిని నలిపేస్తుంది, కాబట్టి రోగలక్షణాలతో పాటు డాక్టరు దీన్నీ వినాలి.

అన్నిటికన్నా ఆలస్యంగా బయటపడే జబ్బు వస్వసా, అంటే ఆరాధనలో తీరని సందేహం, ఎందుకంటే ఇంట్లో దాన్ని భక్తి అనుకుంటారు. వుజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోవడం) సరిగా కాలేదేమోనని మళ్లీ మళ్లీ కడుక్కోవడం, రకాతుల (నమాజు ఆవృత్తుల) లెక్క తప్పిందేమోనని నమాజు మొదటికి తేవడం, స్నానాలగదిలోనే గంట గడిచిపోవడం, చేతుల చర్మం పగిలిపోవడం కనిపిస్తే, అది ఓసీడీ (ఒకే ఆలోచన వెంటాడి, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) అయ్యే అవకాశం ఉందని గ్రహించాలి. సందేహం వల్ల నిశ్చయం చెడదన్నది ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) సూత్రం. చికిత్స కూడా ఆ దారిలోనే నడుస్తుంది: సందేహం వచ్చినా మళ్లీ కడగకుండా, ఆ కలవరాన్ని కొంతసేపు భరించడం నేర్పుతారు. అందువల్ల రోగి ఒప్పుకుంటే, నమ్మకమైన ఆలిమ్‌నూ (మత పండితుణ్నీ) కౌన్సెలర్‌నూ ముందే మాట్లాడించి, అవయవాన్ని మూడుసార్లకు మించి కడగకూడదు, నమాజు తిరిగి చదవకూడదు అని ఒకే మాట చెప్పించండి. ఆ తరువాత మరో ఆలిమ్‌ను అడగనివ్వవద్దు, ఇంట్లోవాళ్లూ "అయింది లే, సరిగానే అయింది" అని పదేపదే ధైర్యం చెప్పవద్దు. ఆ ఓదార్పుతో జబ్బు మరింత బలపడుతుంది. నా అనుభవంలో ఇంట్లోవాళ్లకు అన్నిటికన్నా కష్టమనిపించేది ఇదే.

చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే హరామ్ (మతం నిషేధించింది) అన్న మాట ముందు ఎత్తవద్దు. అది వాళ్లకూ తెలుసు, అందుకే ఇన్నాళ్లూ దాచారు. ఆత్మహత్య ఆలోచన వస్తోందా అని నేరుగా అడిగి, ఒంటరిగా వదలకుండా, మాత్రలూ పురుగుల మందూ అందకుండా చేసి, నిమ్హాన్స్ అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి. అది రాత్రి వేళ కూడా తెరిచే ఉంటుంది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే 2017 చట్టం భావిస్తుంది గనుక, పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్లడం మానవద్దు.

రంజాన్ విషయంలో ముందుచూపు కావాలి. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖురానే ఇచ్చింది, అయినా చాలామంది మాత్రలు మాని రోజా ఉంటారు. లిథియం అనే మానసిక జబ్బుల మందు వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే మందు మోతాదు రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. కొన్ని మందుల వేళలను సాయంత్రం ఇఫ్తారుకూ తెల్లవారుజామున సహరీకీ మార్చవచ్చు, కొన్నిటిని మార్చకూడదు. కాబట్టి రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెల మొదట్లోనే మందుల చీటీతో డాక్టరును కలిసి, రోజా ఉండవచ్చో లేదో రాయించుకుని, ఆ కాగితాన్ని ఇమామ్ సాబ్‌కు చూపించి, ఉండకూడదంటే ఆ మాట ఆయన నోటితోనే ఇంట్లో చెప్పించండి.