వినబడుతుంది, కానీ మాట తెలియడం లేదా?

మా మావయ్య 30 ఏళ్లు భీమవరం దగ్గర రైస్ మిల్లులో చేశాడు. పోయిన సంక్రాంతికి అత్తయ్య "పప్పు వెయ్యమంటారా?" అనడిగితే "నేనేం తప్పు చేశానే?" అని కసిరాడు. అందరం నవ్వేశాం. నిజానికి అప్పుడే పట్టుకోవాల్సింది.

సమస్య: గొంతు వినబడుతుంది, మాట తెలియదు. నలుగురున్న చోట మరీను. ఆడవాళ్లు, చిన్నపిల్లలు మాట్లాడితే అసలు అందదు. టీవీ సౌండ్ వీధిలోకి వస్తుంటుంది. అడిగితే "మీరే గొణుగుతున్నారు" అంటారు. అందుకే ఇది ముందు ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

కారణం: లోపలి చెవిలో సన్నని రోమకణాలుంటాయి. వయసు వల్లో, మోత వల్లో ముందుగా పోయేవి కీచు శబ్దాలను పట్టుకునేవి. అచ్చులు బాగానే వినబడతాయి. ప, త, క, స లాంటివి జారిపోతాయి. పప్పు తప్పయ్యేది అక్కడే. మోతలో రోజుకి 8 గంటలుంటే 85 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) వరకే హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగానికి తగ్గిపోతుంది. మిల్లులోనో, రొయ్యల చెరువు గట్టున డీజిల్ ఇంజన్ పక్కనో, మూడడుగుల దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే హద్దు దాటినట్టే.

పరిష్కారం: ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బీప్ వినబడినప్పుడల్లా బటన్ నొక్కడమే. పోయిన కణాలు తిరిగి రావు కాబట్టి హియరింగ్ ఎయిడ్ అవసరం కావచ్చు. మావయ్య మొదటి వారం గిన్నెల చప్పుడుకే విసుక్కుని తీసేశాడు; అలవాటవడానికి కొన్ని వారాలు పట్టింది. మోతలో పనిచేసేవాళ్లు ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవాలి. ఇంట్లోవాళ్లు అరవక్కర్లేదు, ఎదురుగా నిలబడి నిదానంగా చెబితే చాలు.

సమస్య: కాలువలో స్నానం చేసొచ్చాక చెవి మూసుకుపోయింది. చాలాసార్లు గులిమి నీళ్లకి ఉబ్బడమే. పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టకండి, కాచిన నూనె పోయకండి. డాక్టర్ తీసేస్తే తేలిపోతుంది. చీము కారుతుంటే మాత్రం కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు, నీళ్లు పోనివ్వకండి.

సమస్య: పొద్దున్న లేచేసరికి ఒక చెవి వినబడటం లేదు. జలుబనుకుని ఊరుకోకండి. నరానికి సంబంధించినదైతే స్టెరాయిడ్ మందు మొదటి రోజుల్లో పడితేనే ఎక్కువ ఫలితం. పండగయ్యాక చూద్దామనకుండా ఆ పూటే కాకినాడో రాజమండ్రో బస్సెక్కేయండి.