నాయిక చేతిలో ఎన్ని పౌండ్లున్నాయి? విక్టోరియా కాలపు నవలలు చదివే పద్ధతి

నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేశాను. ఇంగ్లీషు ఎమ్మే నలభై దాటాక దూరవిద్యలో కట్టాను. పగలు నోట్లు లెక్కపెట్టడం, రాత్రి పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు రచయిత్రులు బ్రాంటీ అక్కచెల్లెళ్ల నవలలు చదవడం. అందుకేనేమో, గైడ్లలో ఉండే ‘ఆత్మగౌరవం’, ‘స్వేచ్ఛాకాంక్ష’ లాంటి మాటల కన్నా ముందు నా కళ్లు పౌండ్ల మీదకు పోయేవి. కౌంటర్ దగ్గర తరచూ చూసేదాన్ని: ఖాతా భార్య పేరున ఉంటుంది, ఫారం భర్త నింపుతాడు, ఆమె వేలిముద్ర వేస్తుంది, డబ్బు ఆయన జేబులోకి పోతుంది. ఆ నవలల్లో ఆడవాళ్లకు ఎంత స్వతంత్రం ఉందో తెలియాలంటే ఇదే చూడాలి. మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయిలకు నేను చెప్పే పద్ధతి ఇది.

ముందు ఒక పొడుగు నోట్‌బుక్ తీసుకుని నాలుగు గడులు గీయండి. డబ్బు ఎవరిది, ఎవరి చేతిలో ఉంది, సంతకం ఎవరిది, తాళంచెవి ఎవరి దగ్గరుంది. పౌండు, షిల్లింగు అన్న మాట కనబడ్డ ప్రతిసారీ అధ్యాయం నంబరుతో రాసుకోండి. అప్పట్లో పౌండుకు ఇరవై షిల్లింగులు.

రెండో పని, నాయికకు పెళ్లయిందో లేదో చూడటం. ప్రేమకథ కోసం కాదు, చట్టం కోసం. ఆ కాలపు ఇంగ్లండులో పెళ్లికాని మేజరు స్త్రీ, వితంతువు తమ పేరున ఆస్తి ఉంచుకోవచ్చు. పెళ్లయిందంటే చట్టం దృష్టిలో భార్యాభర్తలు ఒకే మనిషి, ఆ మనిషి భర్త. ఆమె నగదు, నగలు, జీతం అన్నీ అతనివే. డబ్బున్న కుటుంబాలు ట్రస్టు రాయించి కూతురి వాటా కాపాడేవి. మిగతావాళ్లకు ఆ దారి లేదు. తన సంపాదన తన దగ్గర ఉంచుకునే హక్కు భార్యకు 1870 చట్టంతో వచ్చింది, ఆస్తి మొత్తం మీద హక్కు 1882 చట్టంతో. మన వైపు పెళ్లిలో పసుపుకుంకుమల కింద కూతురి పేరున పొలం రాసేవారు కదా. అది నిజంగా ఎంతవరకు ఆమె చేతిలో ఉండేదన్నది వేరే సంగతి, కానీ ఆ మాట ఎరిగిన మనకు ఇంగ్లీషు భార్య పరిస్థితి చదివితే గుండె కలుక్కుమంటుంది. 1870, 1882 అన్న ఆ రెండు అంకెలూ నోట్‌బుక్ అట్ట లోపల రాసుకోండి. తర్వాత నవల ఎప్పుడు అచ్చయింది, కథ ఏ కాలంలో జరుగుతోంది అని విడివిడిగా చూడండి. రెండూ ఒకటి కాకపోవచ్చు.

మొదట షార్లట్ బ్రాంటీ రాసిన ‘జేన్ ఐర్’ (1847) చదవండి. జేన్ లెక్కలు చోటు మారినట్టల్లా మారుతుంటాయి. లోవుడ్ బడిలో టీచరుగా ఏడాదికి 15 పౌండ్లు. థార్న్‌ఫీల్డ్ అనే బంగళాలో గవర్నెస్‌గా, అంటే ఇంట్లో ఉండి పిల్లకు చదువు చెప్పే పంతులమ్మగా, 30. ఇరవై ఒకటో అధ్యాయంలో ఒక చిన్న దృశ్యం ఉంది, చాలామంది గబగబా దాటేస్తారు. మేనమామ భార్య మంచం పట్టిందని జేన్ సెలవు అడుగుతుంది. చేతిలో ఎంతుందని ఆ ఇంటి యజమాని రాచెస్టర్ అడిగితే, ఐదు షిల్లింగులు. జీతం ఇంకా ముట్టలేదు. అతను 50 పౌండ్ల నోటు ఇస్తాడు. మీరు నాకు బాకీ 15 మాత్రమే, నా దగ్గర చిల్లర లేదు అంటుందామె. సరే, 50 ఇస్తే మూడు నెలలు రాకుండా ఉంటావేమో అని 10 చేతిలో పెడతాడు. అయితే ఇంకా 5 బాకీ ఉన్నారు అని ఆమె గుర్తుచేస్తుంది. ఆ పేజీ మొదటిసారి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఎక్కువ ఇస్తే తీసుకోలేదు, తక్కువ ఇస్తే ఊరుకోలేదు. ప్రేమిస్తున్న మనిషి దగ్గర కూడా లెక్క తేల్చుకుంది. మనిషిని తిరిగి రప్పించుకోవడానికి జీతం ఆపి ఉంచడం అనే పద్ధతి కూడా అక్కడే కనిపిస్తుంది. నాలుగు గడులూ ఈ ఒక్క దృశ్యంతో నింపడం అలవాటు చేసుకోండి.

ఇక ఇరవై నాలుగో అధ్యాయానికి రండి. పెళ్లి కుదిరాక రాచెస్టర్ పట్టుబట్టలు, నగలు కొంటానంటాడు. ఆమెకు ఊపిరాడదు. నాకంటూ కాస్త డబ్బుంటే బాగుండునని మదీరా దీవిలో ఉన్న చిన్నాన్నకు పెళ్లి సంగతి ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం వల్లే సంగతి రాచెస్టర్ బావమరిది మేసన్‌కు తెలిసి, రాచెస్టర్‌కు ముందే భార్య ఉందని బయటపడి పెళ్లి ఆగుతుంది. సొంత డబ్బు కోసం రాసిన ఉత్తరమే ఆమెను ఆ దొంగ పెళ్లి నుంచి కాపాడింది. అదృష్టం అని రాసే గైడు ఉంటే పక్కన పెట్టేయండి. తర్వాత రాచెస్టర్‌ను వదిలి వెళ్లిపోయిన ఆమె 20 షిల్లింగులు బండి కిరాయికి ఇచ్చేసి, మూట బండిలోనే మరిచి, ఒక రొట్టెముక్క కోసం మెడ రుమాలు ఇస్తానని అడిగే స్థితికి వస్తుంది. మళ్లీ బడిపంతులమ్మగా 30. చివరికి చిన్నాన్న వదిలిన 20,000 పౌండ్లు. ఆమె నాలుగు భాగాలు చేసి, ముగ్గురు బంధువులకు తలా 5,000 ఇచ్చి, తనకు 5,000 ఉంచుకుంటుంది. అప్పుడు గానీ రాచెస్టర్ దగ్గరకు తిరిగి వెళ్లదు.

రాచెస్టర్ ఇంట్లోనే ఇంకో స్త్రీ ఉంది, ఆమె పేరునా ఒక పేజీ తెరవండి. జమైకా నుంచి వచ్చిన అతని మొదటి భార్య బెర్తా. ఆమెతో వచ్చిన కట్నం 30,000 పౌండ్లు. నాలుగు గడుల్లో ఆమె పేరు ఎక్కడా రాయలేం. డబ్బు భర్త చేతికి, ఆమె పైఅంతస్తుకు, తాళంచెవి ఆమెకు కాపలా ఉన్న గ్రేస్ పూల్ నడుముకు. జమైకా చెరుకుతోటల సంపద అంటే బానిసల చెమట అని కూడా ఆ పేజీలో రాయాలి. జేన్ బంధువుల్లో ఒకడైన సెయింట్ జాన్ మతప్రచారానికి ఇండియా వెళ్తూ జేన్‌ను భార్యగా రమ్మంటే ఆమె కాదంటుంది, ఆ పనిలో తోడుగా, స్వతంత్రంగా అయితే వస్తానంటుంది. ఆ జవాబు నాకెంతో ఇష్టం. ఇండియాలో మనుషులకు ఆ ప్రచారం కావాలా అని మాత్రం నవల ఒక్కసారి కూడా అడగదు. మనం అడగాలి.

తర్వాత చదవాల్సింది ఆన్ బ్రాంటీ రాసిన ‘ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ (1848). నాకు అక్క నవల కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది. అచ్చయింది 1848లో, కథ జరిగేది 1820లలో. ఈ తేడాలోనే నాయిక హెలెన్ కష్టమంతా ఉంది. ఏడేళ్ల లోపు పిల్లల్ని తనకు అప్పగించమని తల్లి కోర్టుకు వెళ్లే వీలు 1839 చట్టంతో వచ్చింది; దానికోసం కేరొలిన్ నార్టన్ అనే రచయిత్రి భర్త తన ముగ్గురు కొడుకులను దూరం చేసిన బాధతో పోరాడింది. హెలెన్‌కు అప్పటికి అదీ లేదు. తాగుబోతు భర్త నుంచి కొడుకుతో పారిపోతే చట్టం లెక్కలో ఆమె బిడ్డను ఎత్తుకుపోయినట్టే.

నలభయ్యో అధ్యాయం నెమ్మదిగా చదవండి. భార్య డైరీ లాక్కుని చదివిన భర్త, ఆమె బొమ్మలు వేసి అమ్ముకుని బతకాలనుకుంటోందని తెలుసుకుని తాళంచెవులు లాక్కుంటాడు. కుంచెలు, రంగులు, కాన్వాసులు మంటల్లో వేస్తాడు. ఆమె డబ్బు, నగలు తన దగ్గర పెట్టుకుంటాడు. చెయ్యి చేసుకోవడం కన్నా ఇది పెద్ద దెబ్బ అని ఆన్‌కు తెలుసు. చివరికి హెలెన్ తప్పించుకుని, తల్లి పుట్టింటి పేరు పెట్టుకుని, బొమ్మల కింద దొంగ పొడి అక్షరాలు, దొంగ ఊరి పేరు రాసి అమ్ముతుంది. ఐదో అధ్యాయంలో ఆ సంగతి ముందే కనిపిస్తుంది, అప్పుడు కారణం తెలియదు. సంతకం గడిలో అక్కడ ఒక గుర్తు పెట్టుకుని, నలభయ్యో అధ్యాయం అయ్యాక వెనక్కి తిప్పి చూడండి. భర్త చావుబతుకుల్లో ఉన్నప్పుడు సేవ చేయడానికి ఆమె తిరిగి వెళ్తుంది. మా పిల్లలకు ఇక్కడ కోపం వస్తుంది, ఎందుకు వెళ్లిందని. కొడుకును చూపించే ముందు కాగితం రాయించి, సాక్షి ఎదుట అతని చేత సంతకం పెట్టించుకుందని చూపిస్తే శాంతిస్తారు.

గాస్కెల్ ‘నార్త్ అండ్ సౌత్’ (1854–55) చివరి పేజీలు మాలాంటి బ్యాంకువాళ్లకు పండగ. తన దగ్గర 18,057 పౌండ్లు ఊరికే ఉన్నాయి, బ్యాంకు రెండున్నర శాతమే ఇస్తోంది, మీరు ఎక్కువ వడ్డీకి తీసుకుని మిల్లు నడపండి అని నాయిక మార్గరెట్, మిల్లు యజమాని థార్న్‌టన్‌తో అంటుంది. లెక్క కట్టండి: ఏడాదికి దాదాపు 451 పౌండ్లు, అంటే జేన్ జీతానికి పదిహేను రెట్లు. ఆ మాటే వాళ్ల ప్రేమ ప్రకటన అవుతుంది. అయితే మీ అట్ట లోపలి సంవత్సరాలు చూడండి, ఇంకా 1870 రాలేదు. ట్రస్టు రాసుకుంటే తప్ప పెళ్లయ్యాక ఆ సొమ్ము అతనిదే. గాస్కెల్‌కు ఇదంతా బాగా తెలుసు, పెళ్లయిన స్త్రీల ఆస్తి హక్కు కోరుతూ 1856లో పార్లమెంటుకు వెళ్లిన అర్జీ మీద ఆమె సంతకం ఉంది.

జార్జ్ ఎలియట్ ‘మిడిల్‌మార్చ్’లో చనిపోయిన భర్త వీలునామాలో చేర్చిన షరతు, నాయిక డొరొతియాకు సొంతంగా ఉన్న ఏడాదికి 700 పౌండ్లు, ఈ రెండూ పట్టుకుంటే చాలు, దారి దొరుకుతుంది. గిస్సింగ్ ‘ది ఆడ్ విమెన్’ (1893)లో ఆడపిల్లలకు టైపింగ్ నేర్పే చోటు ఉంది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్న నా తరంవాళ్లు అక్కడ తమను తాము చూసుకుంటారు.

ఒక్క జాగ్రత్త. ఆన్ బ్రాంటీ నవల 1854లో ఒకే సంపుటంగా, చవక ధరకు కోతలతో అచ్చయింది. తర్వాతి ముద్రణలు చాలా వరకు ఆ కోతల ప్రతినే అనుసరించాయి. కొనేముందు మొదటి పేజీ తెరవండి. మొదటి అధ్యాయానికి ముందు హాల్‌ఫర్డ్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరం ఉండాలి. 1827 శరత్కాలం అంటూ నేరుగా కథలోకి వెళ్లిపోతే ఆ ప్రతి కొనకండి, ఇంకొకటి వెతకండి.