అరుదైన జర్మన్ ఇంటిపేరు మూలం, వ్యాప్తి ఎలా కనుక్కోవాలి?

జర్మనీలో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్. పిండిమర నడిపేవాడని అర్థం. ఏ నిఘంటువు తెరిచినా దొరుకుతుంది, శ్రమ లేదు. చిక్కంతా అరుదైన పేర్లతోనే. 2005 నాటి జర్మనీ టెలిఫోను కనెక్షన్ల జాబితాను భాషా పరిశోధకులు లెక్క తీస్తే సుమారు ఎనిమిదిన్నర లక్షల వేర్వేరు ఇంటిపేర్లు తేలాయి. వాటిలో చాలా పేర్లకు పట్టుమని పది కనెక్షన్లు కూడా లేవు. మీ జర్మన్ సహోద్యోగి పేరో, పాత మిషన్ చర్చి సమాధి రాతి మీద కనబడ్డ పేరో అలాంటిదైతే ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది నేరుగా అర్థం వెతుకుతారు. అక్కడే దారి తప్పుతారు. ముందు ఆ పేరు ఏ చోటిదో తేల్చుకోవాలి. చోటు తెలిస్తే భాష తెలుస్తుంది, భాష తెలిస్తే అర్థం దానంతటదే బయటపడుతుంది. 2001 నుంచి 2014 వరకు బెర్లిన్ మేయరుగా ఉన్న క్లౌస్ వోవెరైట్ ఇంటిపేరును ఉదాహరణగా పెట్టుకుని ఒక్కో అడుగే వేద్దాం.

1. రాతను ఖాయం చేసుకోండి

చెవిన పడ్డ పేరుతో వెతకవద్దు. జర్మన్‌లో డబ్ల్యూ అక్షరాన్ని ‘వ’గా, ఈ-ఐ జంటను ‘ఐ’గా పలుకుతారు. వోవెరైట్ అని వినగానే మన చేయి వీ అక్షరం మీదికి పోతుంది. అసలు రాత మాత్రం డబ్ల్యూ-ఓ-డబ్ల్యూ-ఈ-ఆర్-ఈ-ఐ-టి. అచ్చులపై రెండు చుక్కలుండే ఉమ్లౌట్ అక్షరాలను కొన్నిచోట్ల చుక్కలు తీసేసి పక్కన ఈ చేర్చి రాస్తారు, కాబట్టి రెండు విధాలుగానూ వెతకాలి.

తరువాత ఆ పేరుకు రాగల ఇతర రాతలన్నీ ఒక కాగితం మీద వేసుకోండి. సీ బదులు కే, ఎఫ్ బదులు వీ, ఐ బదులు వై, ఒట్టి టి బదులు డీ-టి లేదా టి-హెచ్. పాత రోజుల్లో పేరు రాత పాస్టరు చేతిలో ఉండేది, ఆయన చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు. జనన మరణాలను ప్రభుత్వమే నమోదు చేయడం జర్మనీలో అతిపెద్ద రాజ్యమైన ప్రష్యాలో 1874 అక్టోబర్ 1న, మొత్తం జర్మన్ సామ్రాజ్యంలో 1876 జనవరి 1న మొదలయ్యాకే రాత దాదాపు స్థిరపడింది. అందుకే ఒకే తాత మనవలు రెండు ఊళ్ళలో రెండు రకాల రాతతో మిగిలిపోయిన సందర్భాలు బోలెడు.

2. నేటి పటం చూడండి

జియోజెన్ అనే ఉచిత సాధనంలో పేరు కొడితే జర్మనీ జిల్లాల పటం రంగులతో వస్తుంది. ఇంకాస్త గట్టి ఆధారం కావాలంటే మైంజ్ అకాడమీ ఆధ్వర్యంలో తయారవుతున్న డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు ఉంది. అందులో పటంతో పాటు టెలిఫోను కనెక్షన్ల సంఖ్య, పండితుల వివరణ కూడా ఇస్తారు. భాష జర్మనే కానీ అనువాద సాధనంతో నెట్టుకురావచ్చు.

పటంలో రెండు రకాల లెక్కలు ఉంటాయి. మొత్తం సంఖ్య చూపే పటంలో బెర్లిన్, హాంబర్గ్, మ్యూనిక్ ఎప్పుడూ ముదురుగానే కనబడతాయి, అక్కడ జనం ఎక్కువ కాబట్టి. జనాభాకు ఎంతమంది అన్నది చూపే పటం ఆ లోపాన్ని సరిచేస్తుంది, కానీ అరుదైన పేరు దగ్గర అదీ బోల్తా కొట్టిస్తుంది. జనం పలచగా ఉన్న జిల్లాలో రెండు కుటుంబాలున్నా చాలు, ఆ జిల్లా ఎర్రగా మండిపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక కనెక్షన్ అంటే ఒక మనిషి కాదు, ఒక ఇల్లు. కనెక్షన్ల సంఖ్యను రెండు మూడు రెట్లు చేస్తే ఆ పేరున్న మనుషుల అంచనా వస్తుంది. అది అంచనా మాత్రమే.

3. పాత పటం చూడండి

అసలు సంగతి ఇక్కడే తేలుతుంది. నేటి పటం ఎంత చక్కగా కనబడినా అది రెండో ప్రపంచ యుద్ధం తరువాతి జర్మనీ. ఆ యుద్ధం చివర, ఆ తరువాత తూర్పు ప్రాంతాల నుంచి సుమారు కోటీ ఇరవై లక్షల మంది జర్మన్లు పారిపోయారు లేదా వెళ్ళగొట్టబడ్డారు. తూర్పు ప్రష్యా, సైలీషియా, పొమెరేనియా పేర్లన్నీ కొత్త పటంలో ఎక్కడెక్కడికో చెదిరిపోయాయి. వోవెరైట్ అలాంటిదే. నేటి పటాన్ని భూతద్దం పెట్టి వెతికినా దాని పుట్టిల్లు కనబడదు, ఎందుకంటే ఆ పుట్టిల్లు ఇప్పుడు జర్మనీలోనే లేదు.

దీనికి మందు కంప్యూటర్ వంశవృక్ష సంఘం, అంటే కాంప్‌జెన్, నడిపే పేర్ల పటం. 1890 ప్రాంతపు వ్యాప్తిని, 1996 ప్రాంతపు వ్యాప్తిని అది విడివిడిగా చూపిస్తుంది. పాత పటానికి ఆధారం మొదటి ప్రపంచ యుద్ధపు సైనిక నష్టాల జాబితాలు. చనిపోయినవారు, గాయపడినవారు, జాడ తెలియనివారు, బందీలైనవారు, అందరి పేర్లూ వాటిలో అచ్చయ్యాయి. సుమారు 31,000 పేజీలు. ఆ గజిబిజి అచ్చును చూసి స్వచ్ఛంద కార్యకర్తలు ఇంచుమించు 85 లక్షల నమోదులను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. నా లెక్కలో పేర్ల పరిశోధనకు ఇంతకు మించిన ఉచిత నిధి లేదు. సైనికుడి పేరు పక్కన చాలావరకు పుట్టిన ఊరు ఉంటుంది. ఆ సైనికులు పుట్టింది ముఖ్యంగా 1870-1900 మధ్య కాబట్టి, జనం రైళ్ళెక్కి దేశమంతా చెల్లాచెదురు కాకముందు ఏ పేరు ఎక్కడ గుమిగూడి ఉండేదో బయటపడుతుంది. ఒక జాగ్రత్త: రెండుసార్లు గాయపడినవాడు రెండుసార్లు కనబడతాడు, కాబట్టి నమోదులను మనుషులుగా లెక్కపెట్టవద్దు.

నష్టాల జాబితాలో విడిగా కూడా వెతకండి. వచ్చిన ఊళ్ళ పేర్లు రాసుకుని, 1912లో ‘మేయర్స్’ పేరుతో అచ్చయిన స్థలనామకోశం ఆన్‌లైన్ ప్రతిలో ఒక్కొక్కటీ చూడండి. చిన్న పల్లె అయినా అందులో ఉంటుంది, ఏ జిల్లాకు చెందిందో, నమోదు కార్యాలయం ఎక్కడో చెబుతుంది. వోవెరైట్ లాంటి ‘-ఐట్’ పేర్లకు అక్కడ వచ్చే చోట్లు టిల్జిట్, రాగ్నిట్, గుంబినెన్, మెమెల్ ప్రాంతాలు. అంటే తూర్పు ప్రష్యాలో ఈశాన్య మూల. టిల్జిట్ ఇప్పుడు రష్యాలో సోవియెత్స్క్, మెమెల్ ఇప్పుడు లిథువేనియాలో క్లైపెడా.

4. పేరు తోకను, ధ్వనిని చదవండి

చోటు దొరికాక పేరు చివరి భాగం మాట్లాడటం మొదలుపెడుతుంది. ‘-సెన్’ అని ముగిస్తే ఉత్తరాన శ్లేస్విగ్-హోల్‌స్టైన్ వైపు, ‘-లె’ అయితే నైరుతిలో స్వాబియా, ‘-హోఫర్’, ‘-హుబర్’ అయితే ఆగ్నేయంలో బవేరియా. ‘-ఓ-డబ్ల్యూ’తో ముగిసే పేర్లు మెక్లెన్‌బర్గ్, పొమెరేనియా, బ్రాండెన్‌బర్గ్‌లలో స్లావ్ భాషల నుంచి వచ్చాయి. వాటి చివరి డబ్ల్యూ పలకదు. ధ్వని కూడా దారి చూపుతుంది. ఉత్తరాది జర్మన్‌లో ‘ప’ నిలిచిన చోట దక్షిణాదిలో ‘ప్ఫ’, ‘ఫ’ వస్తాయి. పిల్లనగ్రోవి ఊదేవాడు ఉత్తరాన పీపర్, దక్షిణాన ప్ఫైఫర్. కుమ్మరిని బవేరియా వైపు హాఫ్నర్ అంటే తూర్పున ట్యోప్ఫర్, హెస్సేలో ఆయ్లర్ అంటారు. పేరే ప్రాంతాన్ని పట్టిస్తుంది.

‘-ఐట్’ అనేది లిథువేనియన్ ‘-ఐటిస్’ జర్మన్ నోట మారిన రూపం. ఫలానావాడి కొడుకు అని చెప్పే ప్రత్యయం అది. అడోమైట్ అంటే ఆదాము కొడుకు, కల్‌వైట్ అంటే కమ్మరి కొడుకు. మిగిలింది వోవెర్. లిథువేనియన్‌లో ‘వోవెరె’ అంటే ఉడుత. పూర్వీకుల్లో ఎవరికో ఉడుత అనే మారుపేరు ఉండేది, అతని సంతానం వోవెరైట్ అయింది. ఇదే పేరును జర్మన్ నిఘంటువుతో విప్పబోయినవారికి చివర ‘రైట్’ కనబడుతుంది, గుర్రపు స్వారీకి జర్మన్ ధాతువు అదే. పేరు మధ్యలో తప్పుచోట విరిచి రౌతును కల్పించుకుంటారు. ముందు చోటు తేల్చుకోమన్నది ఇందుకే.

తూర్పు ప్రష్యా పేర్లన్నీ లిథువేనియన్‌వే అనుకోకూడదు. 1709-1711 నాటి మహామారికి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయితే, 1732లో సాల్జ్‌బర్గ్ నుంచి మత కారణాలతో తరిమివేతకు గురైన ప్రొటెస్టెంట్లను ప్రష్యా రాజు అక్కడికి రప్పించి స్థిరపరిచాడు. అందుకే ఆల్ప్స్ కొండల పేర్లు బాల్టిక్ సముద్రపు ఒడ్డున తగులుతాయి.

5. ఇప్పుడు నిఘంటువు తెరవండి

జర్మన్ ఇంటిపేర్లు ఐదు దారుల్లో పుట్టాయి: తండ్రి పేరు, వచ్చిన ఊరు, ఇల్లున్న చోటు, వృత్తి, మారుపేరు. రాజు అని అర్థమున్న క్యోనిగ్ కుటుంబాలు రాజవంశాలు కావు. రాజు భూముల్లో పనిచేసినవాడో, నాటకంలో రాజు వేషం కట్టినవాడో అయి ఉంటాడు. వెస్ట్‌ఫాలియాలో అయితే పేరు మనిషిది కాదు, పొలంతో కూడిన ఇంటిది. ఇల్లరికం వచ్చిన అల్లుడు తన పేరు వదిలి ఆ ఇంటి పేరు పెట్టుకునేవాడు. కాబట్టి అక్కడ ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన రక్తం ఒకటి కాదు. యూదుల పేర్లలో చాలావరకు ప్రభుత్వాజ్ఞలతో వచ్చాయి, ప్రష్యాలో 1812లో. వాటి అర్థంలో పూర్వీకుల వృత్తిని వెతకడం దండగ.

పండితుల పేర్లు మరో మాయ. పదహారో శతాబ్దంలో చదువుకున్నవారికి సొంత పేరు మోటుగా తోచి దానికి లాటిన్ లేదా గ్రీకు వేషం వేసుకున్నారు. దర్జీ అని అర్థమున్న ష్నైడర్ సార్టోరియుస్ అయ్యాడు, రొట్టెలు కాల్చేవాడని అర్థమున్న బెకర్ పిస్టోరియుస్ అయ్యాడు. నాటి నెల్లూరు జిల్లాలో సూళ్ళూరుపేట, నాయుడుపేటల వైపు 1860ల నడుమ హెర్మాన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ పనిని మొదలుపెట్టిన ఆగస్ట్ మిలియుస్ ఇంటిపేరు ఇలాంటిదే. రోమన్ చక్రవర్తుల కాలపు పేరులా ధ్వనిస్తుంది కానీ, విప్పితే లోపల ఉన్నది మన పాత ముల్లరే, పిండిమర మనిషి. ఆగ్స్‌బర్గ్‌లో పుట్టిన మతపండితుడు గెయోర్గ్ మిలియుస్, కొలోన్‌లో పుస్తకాలు అచ్చువేసిన ఆర్నోల్డ్ మిలియుస్ కూడా పదహారో శతాబ్దం వారే. ఒకే పేరు వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు కుటుంబాలు విడివిడిగా తగిలించుకున్నది కాబట్టి, మిలియుస్‌లందరికీ ఒకే మూలపురుషుణ్ణి వెతికితే దొరకడు.

ఈ దశలోనే ‘మీ ఇంటిపేరు వంశచిహ్నం’ అంటూ అమ్మేవారు తగులుతారు. జర్మనీలో అలాంటి చిహ్నాలు ఒక కుటుంబానికి చెందుతాయి, ఒక పేరుకు కాదు. డబ్బు జేబులోనే ఉంచుకోండి.

6. రిజిస్టర్లలో పాత రూపం పట్టుకోండి

ఇంతవరకూ తేలింది ఊహ. దాన్ని నిలబెట్టేది పాత నమోదులో దొరికే రూపమే. కేథలిక్ చర్చి పుస్తకాలు చాలా మాట్రిక్యులా అనే వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. ప్రొటెస్టెంట్ పుస్తకాలకు ఆర్కియోన్‌కు చందా కట్టాలి. ఫ్యామిలీసెర్చ్‌లో రెండు రకాలూ కొంత కొంత దొరుకుతాయి. చాలా ఊళ్ళలో పుస్తకాలు 1618-1648 నాటి ముప్పై ఏళ్ళ యుద్ధం తరువాతే మొదలవుతాయి.

రాత కురెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో ఉంటుంది. అందులో ఈ అక్షరం అచ్చం ఎన్‌లా కనబడుతుంది. యు మీద చిన్న వంపు గీత పెడతారు, లేకపోతే అదీ ఎన్ అయిపోతుంది. ఒక పుస్తకంలో మీకు తెలిసిన ఊరి పేరును ముందు గుర్తుపట్టి, అందులోని అక్షరాలతో మిగతావి పోల్చుకుంటూ పోతే కన్ను త్వరగా అలవాటు పడుతుంది. ఆడవారి పేరుకు ‘-ఇన్’ చేర్చేవారు. ముల్లరిన్ అని ఉంటే అది కొత్త పేరు కాదు, ముల్లర్ వారి ఆడమనిషి.

ప్రభుత్వ నమోదుల్లో జననానికి 110, పెళ్ళికి 80, మరణానికి 30 ఏళ్ళు దాటాకే అందరికీ చూపిస్తారు. జర్మనీ చేజారిన తూర్పు ప్రాంతాల రిజిస్టర్లు మిగిలినంత మేరకు కొన్ని బెర్లిన్‌లోని మొదటి నంబరు నమోదు కార్యాలయం దగ్గర ఉన్నాయి. ఉత్తరం రాసేటప్పుడు పేరు, సుమారు సంవత్సరం, ఊరి పాత జర్మన్ పేరు తప్పక ఇవ్వండి.

7. సముద్రం దాటినవారిని లెక్కలోకి తీసుకోండి

అరుదైన పేరు స్వదేశంలో అంతరించి అమెరికాలోనో బ్రెజిల్‌లోనో బతికి ఉండవచ్చు. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ దీవిలో గుమాస్తాలు పేర్లు మార్చేశారన్న కథను నమ్మవద్దు. వారు ఓడతో వచ్చిన జాబితా చూసి పేర్లు సరిచూసుకునేవారంతే. పేరు మార్చుకున్నది చాలావరకు వలస వచ్చినవారే, స్థిరపడ్డాక. ముల్లర్ మిల్లర్ అయ్యాడు, ష్మిట్ స్మిత్ అయ్యాడు. యుద్ధకాలంలో జర్మన్ పేరు భారమై మార్చుకున్నవారూ ఉన్నారు. మన చివరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ పుట్టినప్పుడు బాటెన్‌బెర్గ్. హెస్సేలోని ఒక ఊరి పేరు అది. 1917లో బ్రిటన్‌లో ఆ కుటుంబం అందులోని ‘బెర్గ్’, అంటే కొండ, ముందుకు తెచ్చి ఇంగ్లిష్‌లోకి మార్చుకుంది. కాబట్టి విదేశాల్లో లెక్క చూసేటప్పుడు ఇలా మారిన రూపాలు కూడా వెతకాలి.

హాంబర్గ్ ఓడరేవు ప్రయాణికుల జాబితాలు 1850 నుంచి 1934 వరకు ఉన్నాయి, కంప్యూటర్‌లో వెతకవచ్చు. బ్రెమెన్ జాబితాల్లో అధికభాగం మిగలలేదు. హాంబర్గ్ జాబితాలో ప్రయాణికుడి పేరు పక్కన ఉండేది చాలాసార్లు అతను చివరగా నివసించిన ఊరు, పుట్టిన ఊరు కాకపోవచ్చు. ఆ ఊరి పెళ్ళి రిజిస్టరులో అతని పేరు దొరికితే, తల్లిదండ్రులు ఏ ఊరివారో అక్కడ రాసి ఉండే అవకాశం ఎక్కువ.